గడ్డం గీసుకునే వేళ ఒంటి మీద ఏముండాలి?
లుంగీ, బనీను, తుండు: విశాఖ ఇళ్లలోని ఈ మూడింటి వెనక ఉన్న అంకెలు

విశాఖ ఉక్కు కర్మాగారంలో ‘ఏ’ షిఫ్టు పొద్దున్న ఆరింటికి మొదలవుతుంది. ఆ డ్యూటీకి వెళ్లేవాళ్లు గాజువాకలో, కూర్మన్నపాలెంలో, ఉక్కునగరంలో నాలుగున్నరకో ఐదింటికో అద్దం ముందుకు చేరాలి. జూన్‌లో అయితే ఐదున్నర కాకముందే సూర్యుడు వస్తాడు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆరు దాటితేగాని పొద్దు పొడవదు. అప్పుడు గడ్డం బల్బు వెలుతుర్లోనే గీసుకోవాలి. ఒంటి మీద మాత్రం ఏ కాలంలోనైనా దాదాపు అవే ఉంటాయి. రాత్రి కట్టుకుని పడుకున్న గళ్ల లుంగీ, మెడ బాగా దిగిన చేతుల్లేని బనీను, భుజం మీద తుండు. కొందరు బనీను కూడా తీసేస్తారు. కుర్రాళ్లు లుంగీ బదులు నిక్కరు వేసుకుంటారు.

ఇలాగే ఉండాలని ఎవరూ నియమం పెట్టలేదు. అయినా నీళ్లు, ఉక్కపోత, బట్ట, చేసే ఉద్యోగం ఒక్కొక్కటీ లెక్కలోకి తీసుకుంటే ఈ వేషంలో ఎంత తెలివి ఉందో తెలుస్తుంది. ఎక్కడ మార్చుకోవాలో కూడా తెలుస్తుంది. ఇంట్లో వేసుకునేదే కదా అని ఈ విషయాన్ని పట్టించుకోం. కానీ చర్మం, రక్తం, నీళ్లు, కొన్ని ఉద్యోగాల్లో ప్రాణం కూడా దీనితో ముడిపడి ఉన్నాయి.

0.4 మిల్లీమీటర్లు: ఒక రోజు పెరుగుదల

గడ్డం వెంట్రుక రోజుకు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. ఏడాదికి 12, 14 సెంటీమీటర్లు. రోజూ గీసుకునే మనిషి ప్రతిసారీ కోసేది అర మిల్లీమీటరు కూడా ఉండని ముక్కలను. అవి ఎక్కడ పడతాయన్నదే బట్ట విషయంలో మొదటి ప్రశ్న.

తడిపి, నురగ పెట్టి గీసుకుంటే ముక్కలన్నీ నురగలో చిక్కుకుని బ్లేడుతో పాటు నీళ్లలోకి పోతాయి. బట్ట మీద పడేది నీళ్లు, నురగ. ట్రిమ్మరుతో పొడిగా కత్తిరిస్తే నీళ్ల బెడద ఉండదు, ముక్కలు మాత్రం మెడ మీదికీ ఛాతీ మీదికీ రాలతాయి. ఈ రెంటికీ ఒకే బట్ట పనికిరాదు.

బనీను, టీషర్టు అల్లిక బట్టలు. వాటిలో దారం ఉచ్చులు ఉచ్చులుగా తిరుగుతుంది. ఆ ఉచ్చుల్లో దూరిన పొట్టి వెంట్రుక ఉతికినా ఒక పట్టాన ఊడిరాదు, రోజంతా గుచ్చుతుంది. టర్కీ టవల్ మీది కుచ్చులదీ అదే తీరు. మగ్గం మీద నేసిన పలచటి తుండు నున్నగా ఉంటుంది కాబట్టి దులిపితే రాలిపోతాయి. మంగలి షాపులో మెడకు చుట్టే గుడ్డ చూడండి. జారిపోయే నైలాన్, పాలియెస్టర్ రకం నేత బట్ట అది. అక్కడ రాలేది వెంట్రుక కాబట్టి దానికి నీళ్లు పీల్చే గుణం అక్కర్లేదు. ఇంట్లో సబ్బు నురగతో గీసుకునేవాడికి పీల్చే గుణమే ముఖ్యం. అందుకని ట్రిమ్మరు వాడేవాళ్లు బనీను తీసేయడం, నురగతో గీసుకునేవాళ్లు నూలు తుండు వేసుకోవడం రెండూ సబబే.

30 లీటర్లు, 1 లీటరు: నీళ్ల లెక్క

వాష్‌బేసిన్ ముందు కుళాయి తిప్పి వదిలేస్తే నిమిషానికి సుమారు 6 లీటర్లు పోతాయి. గీసుకోవడానికి ఐదు నిమిషాలు పడితే 30 లీటర్లు. అదే పని ఒక మగ్గు నీళ్లతో, అంటే ఒక లీటరుతో అయిపోతుంది. మన పట్టణాల్లో నీటి పథకాలు వేసేటప్పుడు మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రమాణంగా తీసుకుంటారు. కుళాయి కట్టేయని మనిషి అందులో ఐదో వంతుకు పైగా ఒక్క గడ్డానికే ఖర్చు చేస్తున్నాడు. ఏడాదికి 300 సార్లు గీసుకుంటే ఒకరికి 9,000 లీటర్లు, ఇంకొకరికి 300 లీటర్లు.

విశాఖలో ఈ తేడాకు విలువ ఎక్కువ. ఏలేరు జలాశయం నుంచి 150 కిలోమీటర్లకు పైగా సాగే కాలువ ఉక్కు కర్మాగారానికీ నగరానికీ నీళ్లు తెస్తుంది. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాల నీళ్లూ నగరానికి కావాలి. అంత దూరం నుంచి వచ్చిన నీళ్లలో బ్లేడు కడగడానికి మగ్గు చాలు.

మగ్గుకూ బట్టకూ సంబంధం ఉంది. మగ్గుతో గీసుకునేవాడు పీట మీదో అరుగు మీదో కూర్చుంటాడు. అద్దం కిటికీకి ఆనిస్తాడు, లేదంటే ఎడమచేత్తో పట్టుకుంటాడు. కూర్చున్నప్పుడు గడ్డం నుంచి కారే చుక్కలు ఒడిలో పడతాయి. రెండు మీటర్ల లుంగీని 90 సెంటీమీటర్ల నడుముకు చుడితే మీటరుకు పైగా బట్ట మిగిలి ముందువైపు మడతలుగా పడుతుంది. చుక్కలు పడే చోటే బట్ట రెండు మూడు పొరలుగా ఉంటుంది. కాళ్లు చాపుకోవచ్చు, మడుచుకోవచ్చు, గాలి ఆడుతుంది. ఒడి తడిసినా చర్మానికి వెంటనే తగలదు.

బేసిన్ ముందు నిలబడితే లెక్క మారుతుంది. చెయ్యి పైకెత్తగానే నీళ్లు ముంజేతి మీదుగా మోచేతికి కారతాయి, మిగిలినవి ఛాతీ మీదికి. అక్కడ లుంగీ చేసేదేమీ లేదు. చేతుల్లేని బనీను, పొట్టి నిక్కరు సరిపోతాయి. పొడుగు చేతుల చొక్కా వేసుకున్నవాడికి మోచేతి దాకా తడుస్తుంది. పీట నుంచి బేసిన్‌కు మారిన ఇళ్లలో లుంగీ స్థానంలోకి నిక్కరు రావడానికి ఫ్యాషన్ ఎంత కారణమో ఇదీ అంతే కారణం అని నా నమ్మకం.

3,000 గంటలు: ఒక కంపెనీ నేర్చుకున్న పాఠం

మన మగవాళ్లు ఇంట్లో ఎలా కూర్చుని గీసుకుంటారో తెలుసుకోకపోవడం వల్ల ప్రపంచంలోకెల్లా పెద్ద రేజర్ల కంపెనీ దెబ్బతిన్నది. జిల్లెట్ 2002లో మన దేశంలో వెక్టర్ అనే రేజరు తెచ్చింది. బ్లేడ్ల మధ్య ఇరుక్కున్న వెంట్రుకలను తోసేసే ఏర్పాటు అందులో ఉంది. అమెరికాలో ఎంఐటీలో చదువుతున్న భారతీయ విద్యార్థుల చేత వాడించి చూశారు. వాళ్లు బాగుందన్నారు. ఇక్కడికి వచ్చాక అది నడవలేదు. ఆ విద్యార్థులకు ధారగా పడే కుళాయి ఉంది. ఇక్కడ కోట్లమందికి ఉన్నది ఒక గిన్నెడు నీళ్లు. ఆ నీళ్లలో ముంచి ఆడిస్తే ఇరుక్కున్న వెంట్రుకలు వదలలేదు.

కంపెనీ ఈసారి మనుషులను ఇళ్లకు పంపింది. వెయ్యిమందికి పైగా వినియోగదారులతో 3,000 గంటలు గడిపారు. నేల మీద కూర్చుని, చీకట్లో, చేతి అద్దం ముందు గీసుకోవడం చూశారు. చర్మం అద్దంలా నున్నగా రావడం కంటే తెగకుండా ఉండటం ఈ మనుషులకు ముఖ్యమని తెలుసుకున్నారు. అలా 2010లో గార్డ్ వచ్చింది. అప్పట్లో రేజరు 15 రూపాయలు, మార్చుకునే బ్లేడు 5 రూపాయలు. అదే కంపెనీ మాక్ 3 రేజరులో 25 భాగాలుంటే దీనిలో నాలుగే. ఒకే బ్లేడు. గిన్నె నీళ్లలో ఆడిస్తే శుభ్రపడుతుంది. 2013 నాటికి మన దేశంలో అమ్ముడైన ప్రతి మూడు రేజర్లలో రెండు అవే అయ్యాయి.

కింగ్ క్యాంప్ జిల్లెట్‌కు రేజరు మీద 1904 నవంబరు 15న పేటెంటు వచ్చింది. అంతకుముందు సంవత్సరం ఆయన కంపెనీ అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. అక్కడి నుంచి వందేళ్లలో అంత ఎదిగిన సంస్థ కూడా మనిషి కూర్చున్న పీటనూ పక్కన పెట్టుకున్న గిన్నెనూ చూడకపోతే ఏమవుతుందో ఇక్కడ తెలిసింది. లుంగీ కట్టుకుని పీట మీద కూర్చునే మనిషిని వెనకబడినవాడిగా చూసేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. మారవలసి వచ్చింది రేజరే.

8.5 శాతం: నూలుకు ఎందుకు పట్టం

మామూలు వాతావరణంలో నూలు తన పొడి బరువులో 8.5 శాతం తేమను పట్టుకుని ఉంటుంది. పాలియెస్టర్ పట్టుకునేది 0.4 శాతం. తడి గడ్డాన్ని ఒత్తుకోవడానికి పాలియెస్టర్ టీషర్టు అంచు ఎత్తినవాళ్లకు ఈ తేడా తెలిసే ఉంటుంది. నీళ్లు బట్టలోకి పోకుండా ముఖం మీదే పాముకుంటాయి. నూలుకు ఇంకో మంచి గుణం కూడా ఉంది. తడిసినప్పుడు దాని పోగు మరింత గట్టిపడుతుంది. రోజూ తడిపి, పిండి, ఆరేసే తుండుకు అంతకంటే ఏం కావాలి?

ఇక బరువు. మీటరున్నర పొడవు, ముప్పావు మీటరు వెడల్పు ఉన్న తువ్వాలు తీసుకుందాం. చదరపు మీటరుకు 450 గ్రాముల లెక్కన టర్కీ టవల్ అర కిలో తూగుతుంది. చదరపు మీటరుకు 150 గ్రాముల పలచటి నేత తుండు 170 గ్రాములు దాటదు. గడ్డం నుంచి వచ్చే కాసిని నీళ్లకు తుండు చాలు. పైగా త్వరగా ఆరుతుంది.

ఆరడం అన్నది విశాఖలో చిన్న విషయం కాదు. సముద్రం పక్కన ఉన్న ఊరు కావడంతో గాలిలో తేమ ఏడాది పొడవునా 70 శాతం అటూ ఇటూ ఉంటుంది. మందపాటి టవల్ సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉండి వాసన వేస్తుంది. ఆ చెమ్మలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అప్పుడే గీసుకున్న చర్మం మీద కంటికి కనిపించని గీతలు ఉంటాయి. దాని మీద నిన్నటి తడి టవల్ రుద్దితే కురుపులు రావడానికి దారి ఇచ్చినట్టే.

ఛాతీ బయటికి ఉండటానికీ ఈ తేమే కారణం. ఒంటి మీద ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడి పోతుంది. ఆ కేలరీ తిండి లెక్కల్లోది కాదు, అందులో వెయ్యో వంతు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆవిరి కాదు, కారుతుంది. మే నెలలో 34, 35 డిగ్రీల ఎండలో, ఫ్యాను లేని స్నానాలగదిలో చొక్కాతో నిలబడి గీసుకుంటే చెమట నుదుటి నుంచి నురగలోకి దిగుతుంది. చర్మం జిగటగా అయి బ్లేడు పట్టుకుంటుంది. బనీను మెడ దిగి ఉండటం వల్ల గొంతు కింద దాకా వెంట్రుకలున్న భాగమంతా కనిపిస్తుంది, కాలరుకు నురగ అంటదు. బ్లేడు తిప్పడం మెడ దగ్గరే కష్టం. తెగేదీ ఎక్కువగా అక్కడే.

మరొక లెక్క ఉతుకుడుది. రాత్రి కట్టుకున్న లుంగీ, బనీను ఎలాగూ పొద్దున్న తడిపేవే. గడ్డం వాటితోనే గీసుకుంటే అదనంగా ఉతకాల్సింది తుండు ఒక్కటే. గడ్డం కోసం మంచి బట్టలు పాడు చేసుకునే పని లేదు.

వారానికి 2 రోజులు, దీక్షకు 41 రోజులు: ఆచారం లెక్క

మన ఇళ్లలో క్షవరం అయ్యాక తలస్నానం చేసేదాకా ఏదీ ముట్టుకోకూడదనే పట్టింపు చాలామందికి ఉంది. పెద్దవాళ్లు ఉన్న ఇళ్లలో ఇంట్లో గీసుకున్న గడ్డానికీ స్నానం తప్పనిసరి. అందుకే దానికి కట్టుకునేవి విప్పి నేరుగా బకెట్‌లో పడేసే బట్టలై ఉండాలి. పట్టింపు ఉన్నా లేకున్నా అది శుభ్రత లెక్కకూ సరిపోతుంది. సబ్బు, వెంట్రుక, అప్పుడప్పుడు రక్తం అంటిన బట్ట వంటింట్లోకీ పక్క మీదికీ వెళ్లకుండా ఆగుతుంది.

మంగళవారం మంగలి షాపులు మూసి ఉంటాయి. మంగళ, శుక్రవారాల్లో గడ్డం గీసుకోనివాళ్లు ఎంతోమంది. ఏడాదికి 104 రోజులు అలా పోతాయి. అయ్యప్ప దీక్ష తీసుకున్నవాళ్లకు 41 రోజులు గడ్డం ముట్టుకునే పని లేదు. రోజుకు 0.4 మిల్లీమీటర్ల లెక్కన మండలం పూర్తయ్యేసరికి 16 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దీక్ష విరమించాక దాన్ని ఒకేసారి బ్లేడుతో గీయబోతే బ్లేడు లాగుతుంది, చర్మం మండుతుంది. ముందు ట్రిమ్మరుతో పొట్టిగా చేసి, రెండు మూడు నిమిషాలు నీళ్లతో నానబెట్టి, అప్పుడు బ్లేడు పెట్టాలి. ఆ రోజు రాలేది ముక్కలు కాదు, పూర్తి వెంట్రుకలే. బనీను తీసేసి, కింద పాత పేపరు పరుచుకుని కూర్చోవడం మేలు.

20 నుంచి 1,000 రెట్లు: డ్యూటీ లెక్క

ఈ ఊళ్లో గడ్డం కొందరికి అందానికి సంబంధించిన విషయమే కాదు. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. అందులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులు ఉన్నాయి. ఎక్కడి బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులోనైనా కార్బన్ మోనాక్సైడ్ 20 శాతానికి పైగా ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో పది లక్షల వంతుల్లో 1,200 వంతులు చేరితే చాలు, ప్రాణానికి తక్షణ ప్రమాదం. ఫర్నేసు గ్యాసులో ఉన్నది దానికి 160 రెట్లకు పైనే.

అటువంటి చోట మామూలు వడపోత మాస్కు పనికిరాదు. గాలి సిలిండరు వీపున కట్టుకుని, ముఖమంతా కప్పే మాస్కు పెట్టుకోవాలి. సరిగ్గా అతుక్కుంటే ఆ పరికరానికి అమెరికా భద్రతా ప్రమాణాల్లో ఇచ్చిన రక్షణ అంకె 10,000. ముఖమంతా కప్పే వడపోత మాస్కుకు 50, ముక్కూ నోరూ కప్పే రకానికి 10. ఈ అంకెలన్నీ మాస్కు అంచుకూ చర్మానికీ మధ్య ఏమీ లేనప్పుడే నిలుస్తాయి. అంచు కింద గడ్డం ఉంటే గీసుకున్న ముఖంతో పోల్చినప్పుడు లీకు 20 నుంచి 1,000 రెట్ల దాకా పెరిగిందని పరిశోధనల్లో తేలింది. అందుకే బిగుతు మాస్కు పెట్టుకునేవాళ్లు అంచు తగిలే చోట గడ్డం ఉంచుకోకూడదని ఆ ప్రమాణాలు చెబుతాయి.

మాస్కుకూ రేజరుకూ ఉన్న బంధం వందేళ్ల నాటిది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వదిలిన తర్వాత గ్యాసు మాస్కు సైనికుడి సామాన్లలో చేరింది. మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగాక తన సైనికులకు సుమారు 35 లక్షల రేజర్లు ఇచ్చింది. తిరిగొచ్చిన సైనికులు ఇంట్లో గీసుకునే అలవాటునూ వెంట తెచ్చారు.

దీక్షలో ఉన్న కార్మికుడి సంగతేమిటి? దుమ్ము ఎక్కువగా ఉండే పనుల్లో, ముఖానికి అతుక్కోకుండా తల మీది నుంచి వదులుగా దిగి ఫ్యానుతో శుద్ధమైన గాలి పంపే పరికరాలు ఉన్నాయి. వాటికి రక్షణ అంకె 25, గడ్డం అడ్డురాదు. కార్బన్ మోనాక్సైడ్ ఉన్న చోట మాత్రం అవి పనిచేయవు. దీక్ష తీసుకునే ముందే పై అధికారికీ సేఫ్టీ విభాగానికీ చెప్పి ఆ 41 రోజులూ వేరే పని అడగడం మంచిది. అధికారులు దాన్ని చిన్నతనంగా చూడకూడదు. ముందుగా చెప్పినవాడు తనతో పాటు పక్కవాణ్నీ కాపాడుతున్నాడు.

7 రోజులు: రక్తం లెక్క

తెల్లవారుజామున నిద్రమత్తులో తొందరగా గీసుకుంటే ఎక్కడో ఒక చోట తెగుతుంది. బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు. ఆ అంచు మీద మిగిలిన రక్తం కంటికి ఆనకపోవచ్చు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. తండ్రీకొడుకులు, అన్నదమ్ములు, గదిలో కలిసి ఉండే కుర్రాళ్లు ఒకే రేజరు వాడకూడదని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే. రేజరు విషయంలో ఉండే జాగ్రత్త తుండు విషయంలోనూ ఉండాలి. ఎవరిది వాళ్లకే.

బట్టకు రక్తం అంటితే చన్నీళ్లలోనే నానబెట్టాలి. వేడినీళ్లు తగిలితే రక్తంలోని ప్రోటీను గట్టిపడి మరక పోగులో స్థిరపడుతుంది. తెల్ల బనీను మీద మిగిలిపోయే గోధుమరంగు చుక్కలు ఎక్కువగా ఇలా వచ్చినవే. తెగిన చోట పటిక తడిపి అద్దితే చిన్న గాటు నుంచి వచ్చే రక్తం ఆగుతుంది. వాడేసిన బ్లేడు కాగితంలో చుట్టి చెత్తలో వేయడం కూడా చాలదు, చెత్త ఎత్తే మనిషి చెయ్యి తెగుతుంది. మూత ఉన్న చిన్న డబ్బాలో పోగేసి, అది నిండాక విడిగా చెప్పి ఇవ్వాలి.

లెక్కలన్నీ కలిపితే

నురగతో గీసుకునేవాళ్లు మెడ దిగిన నూలు బనీనుతో గానీ ఒట్టి ఒంటితో గానీ ఉండి, భుజం మీద పలచటి నూలు తుండు వేసుకోవాలి. కూర్చునేవాళ్లకు లుంగీ, నిలబడేవాళ్లకు నిక్కరు. ట్రిమ్మరు వాడేవాళ్లు బనీను విప్పేసి, దులిపితే రాలిపోయే నేత గుడ్డ చుట్టుకోవాలి. డ్యూటీ చొక్కా గడ్డం, స్నానం అయ్యాకే వేసుకోవాలి. కుళాయి కట్టేసి మగ్గు వాడాలి. తుండు రోజూ ఉతికి ఎండలో వేయాలి. చీకటితో లేచే షిఫ్టు మనిషి అద్దం దగ్గర మంచి బల్బు పెట్టించుకోవాలి, అద్దం పక్కన తుండుకు ఒక మేకు కొట్టించాలి.

ఇవన్నీ ఇంట్లో ఎవరో ఒకరు చెప్పవలసిన విషయాలు. పదిహేను, పదహారేళ్ల కుర్రాడికి నూనూగు మీసం రాగానే చాలా ఇళ్లలో ఏ మాటా ఉండదు. వాడు తండ్రి రేజరు తీసుకుని, స్కూలు చొక్కా మీదే, తలుపు వేసుకుని ప్రయత్నిస్తాడు. తండ్రి గాని, మేనమామ గాని, అన్న గాని ఒక ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని చూపించాలి. వాడికంటూ ఒక రేజరు, ఒక తుండు కొనివ్వాలి. ఎందుకో అంకెలతో సహా చెప్పాలి. రేపు ఆ కుర్రాడు ఫర్నేసు దగ్గర మాస్కు పెట్టుకోవలసినవాడు కావచ్చు. అప్పటికి ఈ జాగ్రత్తలన్నీ వాడికి అలవాటై ఉండాలి.